ఆకు చూసి మందు ఇవ్వని దుకాణం

మా చిన్నాయన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను కోదాడలో, ఆయన దుకాణంలోనే, చేతిలో వరి దుబ్బు పట్టుకొని నిలబడి ఉన్నాను. సూర్యాపేట దవాఖాన నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన ఇగ లేడు బిడ్డా" అని, నేను ఏదో అడిగేలోపే పెట్టేసింది. నా ఎదురుగా మునగాల రైతు ఒకాయన ఉన్నాడు. పొద్దున్నే పొలంలో దిగి, దుబ్బును వేళ్లతో సహా పీకి, సంచిలో వేసి మూతి కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. నేను పళ్లెంలో నీళ్లు పోశాను, దుబ్బును తట్టాను, చూశాను, ఏం చేయాలో ఆయనకు చెప్పాను. ఆ తర్వాతే షట్టర్ దించాను.

ఆ పది నిమిషాల మీద మా చుట్టాల్లో చాలా మాటలు నడిచాయి. "సొంత చిన్నాయన సచ్చిపోయిండని తెల్సినంక గూడ బేరం ఇడిసిపెట్టలేదట" అన్నారు. అన్నవాళ్లకు ఇక్కడే జవాబు చెబుతున్నాను. అది బేరం కాదు. ఆ రైతుకు నేను ఒక్క డబ్బా కూడా అమ్మలేదు, ఉత్త చేతులతోనే పంపాను. అంత దూరం నుంచి తెచ్చిన దుబ్బును చూడకుండా పక్కన పడేసి సూర్యాపేటకు ఉరికి ఉంటే, చిన్నాయన మంచం మీద లేచి కూర్చొని నన్ను తిట్టేవాడు. ఏడవడానికి నాకు బస్సులో గంట దొరికింది. ఏడ్చాను.

ఇంతకీ ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆయన దుకాణం గోడకు రంగు వేస్తామని ఒకరు అడిగారు. ఆ గోడ మీద ఏముందో, ఎందుకుందో తెలిసినవాళ్లు తక్కువ. తెలియాల్సినవాళ్లు చాలా ఎక్కువ.

పురుగుమందులు, ఎరువులు, విత్తనాలు అమ్మే మామూలు దుకాణమే అది. అటూ ఇటూ అలాంటివే ఉన్నాయి. వాటి గోడల నిండా కంపెనీల బొమ్మలు: పచ్చటి చేను, మీసాలాయన, చేతిలో డబ్బా. మా గోడకు మాత్రం వట్టి సున్నం, దాని మీద ఎర్ర రంగుతో చిన్నాయన తన చేత్తో రాసిన రెండు వాక్యాలు. "ఆకు చూసి మందు ఇవ్వబడదు. దుబ్బు తెండి." అక్షరాలు వంకర. చివరికి వచ్చేసరికి చోటు చాలక "తెండి" కిందికి జారిపోయి ఉంటుంది. ఆ గోడకు ఆనించి, అడ్డంగా కోసిన రెండు నీలం డ్రమ్ములు, వాటి నిండా బురద.

వ్యవసాయం తెలియని పాఠకులకు ఒక మాట. ఇక్కడ రైతుకు పొలంలో ఆకు ఎర్రబడ్డట్టు కనిపిస్తే, ఒకటి తెంపి జేబులో పెట్టుకొని మందుల దుకాణానికి వస్తాడు. కౌంటర్ మీద పెడతాడు. దుకాణదారు దాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి, వెనక్కి తిరిగి మూడు డబ్బాలు తీస్తాడు. ఒకటి పురుగుకు, ఒకటి తెగులుకు, ఒకటి పైరు బలానికి. మా వైపు సలహా అంటే చాలావరకు ఇదే. వ్యవసాయాధికారి ఒక్కరే, ఊళ్లు బోలెడు, వారు వచ్చేదాకా పురుగు ఆగదు. అందుకని అమ్మేవాడే చెప్పేవాడు కూడా అయ్యాడు. కానీ మా వైపు కాలువ కింద పండే వరిని నిలువునా ముంచే సుడిదోమ ఆకు మీద ఉండదు. దుబ్బు మొదట్లో, నీళ్లకు కాస్త పైన, నీడలో గుంపుగా కూర్చొని రసం పీలుస్తుంది. జేబులో తెచ్చిన ఆకును ఎంతసేపు తిప్పినా అది కనపడదు.

అందుకే చిన్నాయన ఆకు ముట్టుకునేవాడు కాదు. దుబ్బు తెస్తే మాత్రం ఎంత రద్దీ ఉన్నా పక్కకు జరిపేవాడు కాదు. అంచు లేచిపోయిన తెల్ల పింగాణీ పళ్లెం, పిడికి గుడ్డ చుట్టిన భూతద్దం, ఇవే ఆయన పనిముట్లు. పళ్లెంలో నీళ్లు పోసి, సంచి మూతి విప్పి, దుబ్బును వంచి మొదట్లో నాలుగుసార్లు తట్టేవాడు. నీళ్ల మీద పడ్డవాటిని రైతుతోనే లెక్కపెట్టించేవాడు. "గిది దోమ. గిది దోమను తినే సాలెపురుగు. నువ్వు మందు కొడితే ముందు సచ్చేది గీ సాలెపురుగే. మరి ఎవల దిక్కున ఉంటవ్?" అని అడిగేవాడు. మందు అవసరమైతే ఇచ్చేవాడు, అదీ ఒక్కటే. మూడు అడిగినవాళ్లతో, "రోగం ఒకటైతే డబ్బాలు మూడెందుకురా, ఇంట్ల అలంకారానికా?" అనేవాడు. అవసరం లేకపోతే చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చేవాడు. నీళ్లు తియ్యి. యూరియా ఆపు. నాలుగు దినాలకు మళ్ల సూడు.

చూడడం అయిపోయిన దుబ్బును పారేసేవాడు కాదు. బయటికి తీసుకెళ్లి డ్రమ్ములోని బురదలో గుచ్చేవాడు. అందుకే మా దుకాణం ముందు ఎప్పుడూ ఇరవై ఊళ్ల వరి ఉండేది. ఒకటి సన్నం, ఒకటి దొడ్డు, ఒకటి మోకాలెత్తు, ఒకటి అప్పుడే వెన్నులు ఈనుతూ. ఆ డ్రమ్ములకు రోజూ నీళ్లు పోసే పని చిన్నమ్మది. "మందుల దుకాణం పెట్టి మందు అమ్మడు. మల్ల నాతోని ముంగట వరి పండిపిస్తడు" అని సణుక్కుంటూనే పోసేది.

ఆయన దేవుడేమీ కాదు. నోరు చెడ్డది. ఒకసారి మేళ్లచెరువులో సిమెంటు లారీ నడిపే ఒకాయన, డ్యూటీ మధ్యలో ఆపుకొని, ఆకు పట్టుకొని వచ్చాడు. "గోడ మీద రాసింది సదవవా?" అని అందరి ముందే కసిరాడు చిన్నాయన. ఆ డ్రైవరు ముఖం చిన్నబోయింది. "నాకు సదువు రాదు సారూ" అన్నాడు. చిన్నాయన కౌంటర్ దిగాడు. చెప్పులు వేసుకున్నాడు. "పా, నీ పొలం కాడికి పోదాం" అని బండి తీసి ఆయన్ను వెనక ఎక్కించుకొని వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మోకాళ్ల దాకా బురద. ఆ రోజు నుంచి చదువు గురించి ఎవరినీ అడగలేదు. గోడ మీది రాతను తానే చదివి వినిపించేవాడు.

ఆ రాత వెనక ఒక తప్పుంది. ఆయన చేసిన తప్పు. నేను దాచను, ఎందుకంటే ఆయన దాచలేదు.

దుకాణం పెట్టిన కొత్తలో చిన్నాయన కూడా అందరిలాంటివాడే. అనంతగిరి నుంచి ఒక కౌలు రైతు ఆకు తెచ్చాడు. ఆకు మీద తెల్లటి చారలు, ఆకుముడత. చిన్నాయన చూసీ చూడగానే అప్పట్లో అందరూ ఇచ్చే మందే ఇచ్చాడు. ఆకుముడత పోయింది. కానీ అప్పటికే దుబ్బు అడుగున దోమ ఉంది. ఆ మందు దోమను చంపలేదు, దోమను తినే సాలెపురుగుల్ని చంపింది. ఇక దోమకు అడ్డు లేకుండా పోయింది. రెండు వారాల్లో చేను సుడులు సుడులుగా ఎండిపోయింది, మధ్యమధ్యలో ఎవరో మంట పెట్టినట్టు.

ఆ రైతు దుకాణం మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడట. కొడతాడేమో అనుకున్నాడట చిన్నాయన. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "చేను ఖతమయిందన్నా. నీ మీద కోపంతోని రాలె. గీ మందు ఇంకెవలకన్న ఇస్తవేమో, ఇయ్యకని చెప్పనీకె వచ్చిన" అన్నాడు. అంతే, వెళ్లిపోయాడు. ఈ మాట చెప్పేటప్పుడు చిన్నాయన ప్రతిసారీ ఆ మెట్ల వైపు వేలు చూపించేవాడు. "కొట్టినా బాగుండు బిడ్డా" అనేవాడు. ఆ మధ్యాహ్నమే దుకాణం మూసి అనంతగిరి వెళ్లి, ఎండిన సుడుల మధ్య నిలబడి వచ్చాడు. మర్నాడు ఎర్ర రంగు డబ్బా కొన్నాడు.

కొత్తగా వచ్చే ప్రతి రైతుకూ ఈ కథ చెప్పేవాడు. "నేను ఆకు సూసి ఒకాయన చేను తగలబెట్టిన" అని మొదలుపెట్టేవాడు. ఏ వ్యాపారి తన తప్పును అలా కౌంటర్ మీద పెట్టుకుంటాడు? ఎంతమంది పెట్టుకున్నారో చెప్పండి, వాళ్ల దుకాణాలకు నేనే వెళ్లి దండం పెట్టి వస్తాను.

మిర్యాలగూడలో జరిగింది కూడా చెప్పాలి. నేను వ్యవసాయ డిప్లొమా పూర్తి చేసి ఆయన దగ్గర చేరిన ఏడాది, ఒక కంపెనీవాళ్లు డీలర్లందరినీ అక్కడి ఫంక్షన్ హాలుకు పిలిచారు. చిన్నాయన నన్నూ తీసుకెళ్లాడు. ఆ హాల్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఒక డీలరు నవ్వుతూ, "ఏందన్నా, దోమను గుర్తువట్టనీకె ఆడపిల్లను వెట్టుకున్నవా?" అన్నాడు. "నాకు తెల్సిందంత ఆమెకు తెల్సు. ఆమెకు తెల్సింది నాకింక తెల్వదు" అన్నాడు చిన్నాయన. నేను ఆ మాటను ఇప్పటికీ లైసెన్సు కంటే పదిలంగా దాచుకున్నాను.

వేదిక మీద కోటు వేసుకున్న అధికారి కొత్త మందు గురించి తెర మీద బొమ్మలు చూపించాడు. ఎక్కువ అమ్మినవాళ్లకు విదేశీ యాత్ర అన్నాడు. చప్పట్లు. ఏమైనా అడుగుతారా అన్నాడు. చిన్నాయన లేచాడు.

"సారూ, మీ మందు ఎప్పుడు కొట్టాల్నో మంచిగ చెప్పిండ్రు. ఎప్పుడు కొట్టొద్దో జర చెప్పుండ్రి."

అధికారి నవ్వాడు. "అది తర్వాత మాట్లాడుకుందామండీ."

"తర్వాత మేం బువ్వ తిని పోతం సారూ. రైతుకు మందు ఇచ్చేది రేపు పొద్దుగాలనే. ఇప్పుడే చెప్పుండ్రి."

అధికారి మైకు పక్కవాడికి ఇచ్చేశాడు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను, అది ఒప్పుకోవాలి. బయటికి నడిచి వెళ్లిపోతాం అనుకున్నాను. చిన్నాయన తిన్నగా భోజనాల దగ్గరికి వెళ్లి బిర్యానీ రెండుసార్లు పెట్టించుకున్నాడు. "కంపెనీ మీద కోపం కోడి మీద సూపెడ్తమా?" అన్నాడు. ఆ పంటకాలమంతా ఆ కంపెనీ మాకు సరుకు పంపలేదు. ర్యాకుల్లో ఖాళీలు కనపడుతుంటే అక్కడ రైతులు తెచ్చిన సంచులు పెట్టేవాడు.

మా ఇద్దరికీ గొడవ వచ్చింది ఫోన్ దగ్గర. నేను రైతులతో ఒక గ్రూపు పెట్టాను. ఆకుల ఫోటోలు కుప్పలుగా వచ్చేవి, నేను చకచకా జవాబులు పంపేదాన్ని. చిన్నాయన వెనక నిలబడి చూసి, "తలుపుకు గొళ్లెం వెట్టి నువ్వు కిటికీల నుంచి ఆకులు తీసుకుంటున్నవ్" అన్నాడు. నేను కోప్పడ్డాను. కాలం మారిందన్నాను, యాభై కిలోమీటర్ల నుంచి దుబ్బు మోసుకొచ్చే ఓపిక ఎవరికుందన్నాను. వారం రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు.

తర్వాత ఆయనే దారి చెప్పాడు. "ఫోన్ వద్దంటలేను బిడ్డా. ఆల్లను పొలంల దిగమను. తెల్ల పళ్లెం పట్టుకొని దుబ్బు తట్టమను. తట్టంగ వీడియో తియ్యమను. మనం సూద్దాం." ఇప్పుడు మా గ్రూపులో ఆకు ఫోటో పెడితే జవాబు రాదు. స్టీలు పళ్లేలు, అన్నం తినే కంచాలు, ఒకసారి పెళ్లికి పెట్టిన వెండి పూత పళ్లెం కూడా వీడియోల్లో వచ్చాయి. రైతు తన చేత్తో తట్టి, తన కంటితో లెక్కపెట్టాక, చాలాసార్లు నేను చెప్పే పనే ఉండదు. చిన్నాయన కోరుకున్నది అదే అని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఈ వానాకాలం మొదట్లో ఊపిరి అందక ఆయన్ను సూర్యాపేటలో చేర్చాం. ఒకరోజు డాక్టరు రిపోర్టులు చూస్తూ మాట్లాడుతుంటే, మాస్కు పక్కకు జరిపి, "కాయితం సూసి చెప్తున్నవా సారూ, నన్ను సూసి చెప్తున్నవా?" అన్నాడు. చిన్నమ్మ తల కొట్టుకుంది. ఆ డాక్టరు మంచివాడు, నవ్వి, కాగితాలు పక్కన పెట్టి, మంచం మీద కూర్చొని వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. నేను వెళ్లిన ప్రతిసారీ చిన్నాయన అడిగింది ఒక్కటే. "ఇయ్యాల ఎవలు వచ్చిండ్రు? దుబ్బుల ఏమున్నది?" నేను చెబుతుంటే కళ్లు మూసుకొని వినేవాడు. చివరిసారి, "గోడకు జర సున్నం వెయ్యి. అక్షరాల మీద పడనియ్యకు" అన్నాడు. వేస్తానన్నాను. వేసే లోపే ఫోన్ వచ్చింది.

పెద్దకర్మ నాడు దుకాణం వెనక ఇంటి వాకిట్లో ఆయన ఫోటో పెట్టాం. ఒక కంపెనీ ప్రతినిధి పెద్ద దండ తెచ్చాడు. మర్యాద తెలిసిన మనిషే, అన్నం తిన్నాడు, చిన్నమ్మకు ధైర్యం చెప్పాడు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకొని అసలు సంగతికి వచ్చాడు.

"దుకాణమంతా మేమే బాగు చేయిస్తామండి. కొత్త ర్యాకులు, పైన బోర్డు, గోడకు మా రంగు. సరుకుకు కూడా ఇబ్బంది ఉండదు. ఆ పాత రాత ఒక్కటి తీసేస్తే చాలండి. ఇప్పుడు జనాలు అదేమీ పట్టించుకోవట్లేదు కదండీ."

చిన్నమ్మ నా వైపు చూసింది. "దుకాణంల కూసునేది నువ్వు. నువ్వే చెప్పు బిడ్డా" అంది.

ధైర్యవంతురాలినని గొప్పలు పోను. చిన్నాయన లేకుండా ఆ కౌంటర్ వెనక ఒక్కదాన్నే కూర్చోవడం తలుచుకుంటే భయం వేసింది. సరుకు ఆపేస్తే ఖాళీ ర్యాకుల ముందు కూర్చొని నవ్వగలిగేది ఆయన, నేను కాదు. ఆలోచించి చెబుతానని నోటిదాకా వచ్చింది.

అప్పుడు వాకిట్లోకి ఒక ముసలాయన వచ్చాడు. చెప్పులు విడిచి, ఫోటోకు దండం పెట్టి, గోడ పక్కన ఒదిగి కూర్చున్నాడు. చంకలో మూతి కట్టిన సంచి. నేను ఆయన్ను అంతకు ముందు రెండుసార్లే చూశాను కానీ గుర్తుపట్టాను. అనంతగిరి కౌలు రైతు. చేను ఎండిపోయాక మెట్ల మీద నిలబడి, ఈ మందు ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పి వెళ్లిన మనిషి.

"వచ్చింది అన్నను సూడనీకెనే బిడ్డా" అన్నాడు నసుగుతూ. "కానీ పొద్దుగాల చేన్ల దోమ లేసినట్టు అనిపిచ్చింది. దుకాణాలోల్లు అప్పుడే మందు కొట్టమంటుండ్రు. ఇయ్యాల గిట్ల అడగొచ్చో, అడగొద్దో..."

"అడగొచ్చు కాకా" అన్నాను.

పింగాణీ పళ్లెం తెచ్చి, ఫోటో ముందే నేల మీద పెట్టి నీళ్లు పోశాను. సంచి విప్పి దుబ్బు వంచి తట్టాను. చుట్టాలంతా మూగారు, నా పది నిమిషాల గురించి మాట్లాడినవాళ్లు కూడా. కంపెనీ ప్రతినిధి కూడా లేచి వచ్చి వంగి చూశాడు. "నువ్వే లెక్కవెట్టు కాకా" అన్నాను. ఆయన కళ్లు చికిలించి వేలు పెట్టి లెక్కపెట్టాడు. దోమలు ఏడు, సాలెపురుగులు మూడు. ఒక సాలెపురుగు నీళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి మేం చూస్తుండగానే ఒక దోమను పట్టుకుంది.

"మందు వద్దు కాకా. నీళ్లు తియ్యి, యూరియా ఆపు, నాలుగు దినాలకు మళ్ల తట్టి సూడు. ఎక్కువయితే అప్పుడు నేనే వస్త."

"గంతేనా?" అన్నాడు.

"గంతే."

ఫోటో వైపు తిరిగి తల ఊపాడు ముసలాయన, ఏదో లెక్క సరిపోయినట్టు. నేను లేచి చేతులు కడుక్కొని కంపెనీ ప్రతినిధితో చెప్పాను. "గోడ గట్లనే ఉంటది సార్. మీ దండకు దండం." చిన్నమ్మ లేచింది. ఆ దుబ్బును తీసుకెళ్లి డ్రమ్ములో గుచ్చి చెంబుతో నీళ్లు పోసింది.

ఆ ప్రతినిధి వాళ్ల సరుకు ఇప్పటికీ రాలేదు. రాకపోనీ. అనంతగిరి చేను మీద ఈ కాలమంతా మందు పడలేదు, ఆ చేను పచ్చగానే ఉంది, నేను వెళ్లి చూసి వచ్చాను. మీకు సలహా చెప్పేది దుకాణమైనా, ఫోన్ అయినా, కోటు వేసుకున్న మనిషైనా, నేనైనా సరే, దుబ్బు అడుగు చూశారా అని అడగండి. చూడకపోతే లేచి వచ్చేయండి.

పోయిన ఆదివారం గోడకు సున్నం వేశాను. అక్షరాల చుట్టూ చిన్న కుంచెతో వేయడానికి పొద్దంతా పట్టింది. "తెండి" దగ్గర ఎర్ర రంగు బాగా వెలిసిపోయి ఉంది, అయినా దాని మీద కొత్త రంగు వేయలేదు, ఆయన చేతి వంకర అలాగే ఉంచాను. కింద డ్రమ్ములో అనంతగిరి దుబ్బు ఈనింది. వెన్నులో పాలు పోసుకొని ఆ రాత మీదికి వాలి ఉంది, చిన్నమ్మ చెంబు పట్టుకొని దాన్ని పక్కకు జరుపుతోంది, దారిన పోయేవాళ్లకు అక్షరాలు కనపడాలని.